గెడ్డకు పోసిన సాక

మొదటి నాచు కంపు కొట్టేది.

రంగుల్లో కలిపే థిన్నరు, ఇంజను ఆయిలు, టైర్లు అరిగి రోడ్డు మీద రాలిన పొడి, ఇలాంటివి కలిసిన నీళ్లు దాని మీదుగా పారితే నాచు ఆ విషాన్ని పట్టుకునేది. పట్టుకున్నంతసేపూ చేప కుళ్లిన వాసన వచ్చేది. అది కావాలని పెట్టిన వాసనే. వాసన ఎక్కువగా వస్తే విషం ఎక్కువగా దిగుతున్నట్టు. వాసన ఆగిపోతే నాచు నిండిపోయినట్టు. అప్పుడు దాన్ని తీసి కొత్తది పరచాలి. మీటర్లు అక్కర్లేదు, ముక్కు చాలు అని డాక్టర్ బొడ్డేడ హైమ వేగులవలస మున్సిపల్ కమిషనర్‌కు చెప్పింది.

కమిషనర్ ఆమె తెచ్చిన నాచు సీసాకు మూత పెట్టించి, కిటికీ తెరిపించాడు.

"ఊరి మధ్య నుంచి పోయే గెడ్డండీ ఇది. ఇప్పుడున్న కంపుకే జనం నన్ను తిడతన్నారు. దీనికి తోడు మీరింకో కంపు తెస్తానంటారేటి?"

"అది గుర్తు సార్. పని చేస్తోందని తెలియడానికి."

"గుర్తే కదా కావాల. కంపే ఎందుకు? మంచి వాసనైతే గుర్తవదా?"

హైమ మనసులో లెక్క వేసుకుంది. అవుతుంది. ఒక జన్యువు తీసి ఇంకొకటి పెట్టాలి, అంతే.

ఏ వాసన పెట్టాలన్నది ఆమే నిర్ణయించింది. ఆమె దగ్గర పనిచేసే కెమిస్టు యోహాను మల్లె అన్నాడు. సాయంత్రమైతే ఊళ్లో మల్లె ఎలాగూ ఉంటుంది, గుర్తు అందులో కలిసిపోతుంది అని హైమ ఒప్పుకోలేదు. మొగలి పెట్టింది. ఊరి చుట్టుపక్కల మొగలి పొదలు నరికేసి చాలా ఏళ్లయింది. మొగలి వాసన వచ్చిందంటే అది నాచుదే అవుతుంది. ఈ లెక్కలో తప్పు లేదు. అయితే కంపు వస్తే మనిషి దూరం జరుగుతాడు, పరిమళం వస్తే దగ్గరికి వస్తాడు. దాన్ని ప్రయోగశాలలో ఎవరూ పరీక్షించలేదు.

వేగులవలసలో పడిన వాన అంతా నల్లగెడ్డ అనే వాగులోకి చేరుతుంది. ఎగువన ఫ్యాక్టరీలు, మధ్యలో లారీ బాడీలు కట్టే షెడ్లు, హైవే, బస్‌స్టాండు, ఇళ్లు. ఎండాకాలమంతా వీటి మీద పేరుకున్నది తొలి వానకు కడుక్కుపోయి గెడ్డలో పడుతుంది. గెడ్డ మొగపేట దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలిసే చోటును మొగ అంటారు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఆ మడుగులోనే పండుగప్ప పిల్ల, రొయ్య పిల్ల, పీత పిల్ల పెరుగుతాయి. హైమ ఈ పని మొదలుపెట్టేనాటికి అక్కడ ఏ పిల్లా పెరగడం లేదు. తొలి వాన వెళ్లిన మర్నాడు చచ్చిన పిల్ల ఒడ్డు పొడుగునా ముగ్గు గీసినట్టు కనిపించేది.

నాచును కొబ్బరిపీచు చాపల మీద పెంచి, చాపలను గెడ్డ అడుగున, వీధి కాలువల్లో మేకులు కొట్టి పరిచారు. మొదటి ఏడు ఏమీ కనిపించలేదు. రెండో ఏడు మొగలో పీతలు కనిపించాయి. మూడో ఏడు మొగపేట నుంచి గరికిన మసేనమ్మ హైమకు కబురు చేసింది.

మసేనమ్మకు అరవై దాటాయి. మొగలో చేప లేక ఆమె కొడుకులిద్దరూ గుజరాత్ బోట్ల మీదికి కూలికి పోయారు. ఆమె హైమను మోకాలి లోతు నీళ్లలోకి నడిపించి, కాళ్ల చుట్టూ తిరుగుతున్న పిల్లను చూపించింది.

"పండుగప్ప పిల్లమ్మా. నా పెళ్లినాడు సూసినాను ఇంతేసి మంద. మళ్లీ ఇప్పుడు. నీ నాచుకి ఏ పేరెట్టినావేటి?"

"పేరు లేదు పెద్దమ్మా. దానికి నంబరే."

"నంబరేటి, ఖైదీయేటి?" అని మసేనమ్మ నవ్వింది. "సెప్తన్నాను ఇను. నా గుంటల్ని రమ్మన్నాను. బోట్లు మానేసి వచ్చీయండర్రా, మొగ మళ్లీ పెడతన్నాదని సెప్పీసినాను. తప్పు సెప్పీలేదు కదా?"

"లేదు," అంది హైమ.

కొడుకులిద్దరూ వచ్చేశారు. కొత్త వలలు కట్టుకున్నారు.

* * *

సాక అనే మాట హైమ బావ సన్యాసిరావు షెడ్డులో పుట్టింది.

ఆయన లారీలకు బాడీలు కట్టి రంగులు వేయిస్తాడు. ఒకరోజు బ్రష్షులు కడిగిన థిన్నరు డబ్బా తన్నుకుని కాలువలో ఒలికిపోయింది. కాసేపటికి షెడ్డంతా మొగలి వాసన వచ్చింది. పెయింటరొకడు రంగు చేతులు రెండూ జోడించి, "మొగలమ్మ తల్లీ, సాక అందుకో," అన్నాడు. అందరూ నవ్వారు.

అమ్మవారి పండక్కి గుడి ముందు పసుపునీళ్లు ధారగా పోయడాన్ని ఆ వైపు సాక పోయడం అంటారు. పెయింటర్ అన్నది వేళాకోళానికే. కానీ మాట షెడ్డు దాటింది. థిన్నరు కాలువలో పారబోస్తున్నామంటే ఎవరైనా ఒకసారి ఆగి చూస్తారు. సాక పోస్తున్నామంటే ఆగరు. ఇంటి ముందు కాలువలో చాప ఉన్నవాళ్లు గృహప్రవేశానికి పోశారు, బారసాలకి పోశారు. థిన్నరు లేనివాళ్లు కిరసనాయిలు పోశారు, అదీ దొరక్కపోతే స్కూటర్లోంచి పెట్రోలు తీసి పోశారు. వాసన రాకపోతే నాచుకి ఆకలేస్తోందని ఇంకొంచెం పోశారు.

హైమ ఇవేవీ వినలేదు. గెడ్డ పక్కన పాత పంపుహౌసులో ఆమె ప్రయోగశాల. అక్కడికి ముక్కలుగా వచ్చిన చాపల్లో విషం ఎంతుందో కొలిచేది. ఏటికేడు ఎక్కువగా ఉంటోంది. నాచు పట్టుకునే శక్తి పెరుగుతోందని రాసింది. విశాఖలో జరిగిన సదస్సులో ఆ గీతను తెర మీద చూపించింది. గీత పైకి పోతోంది. జనం చప్పట్లు కొట్టారు.

* * *

మే నెలలో సన్యాసిరావు కూతురు, అంటే హైమ అక్క కూతురు రేణుక పెళ్లి. వీధికి అడ్డంగా షామియానా వేశారు. హైమ ఆటో దిగేసరికి వాసన మలుపు దాకా వచ్చి ఉంది. ఆమె అక్కడే ఆగింది. ఆ వీధిలో పరిచిన చాపలు ఎన్నో, అంత వాసన రావాలంటే వాటిలోకి ఏం దిగాలో ఆమెకు తెలుసు. మామూలుగా ఆ వీధి నుంచి ఏడాది మొత్తానికి దిగేది ఒక్క రోజున దిగింది.

అప్ప ఈశ్వరమ్మ గుమ్మంలోంచే కేకేసింది.

"ఒసే హైమా, ఇప్పుడా రావడం! పెళ్లివారు నీ కోసమే అడుగుతన్నారు. బండి దిగ్గానే ఏటన్నారో తెల్సా? మొగలితోటలో దిగినట్టున్నాది అన్నారు. మా చెల్లి కనిపెట్టిన నాచే అని చెప్పీసాను."

"అప్పా, ఏం పోశారు?"

"మీ బావనడుగు. నాకేటి తెల్సు."

సన్యాసిరావు పట్టుపంచె కట్టుకుని కుర్చీలు సర్దిస్తున్నాడు. మరదలిని చూసి నవ్వాడు.

"సాక పోయించానే. రెండు డబ్బాలు. పాత థిన్నరేలే, దేనికీ పనికిరాదు. బాగున్నాదా?"

"రెండు డబ్బాలంటే ఎంత బావా?"

"పెద్ద డబ్బాలే. పెళ్లికి చిన్న డబ్బాలు పోస్తామేటి?"

"అది విషం బావా. నాచుకి అంత అరగదు."

"ఏటే, తినడానికే కదా దాన్ని పెట్టీవు? తింటన్నాది. ఆకలికి తట్టుకోలేకపోతన్నట్టుంది, అంత వాసనేస్తన్నాది." పక్కనున్నవాళ్లు నవ్వారు. "మా ఒక్కళ్లమేనా? ఊళ్లో పోయనోడెవడు? పక్క వీధి సూరిబాబు మనవడి బారసాలకి ట్యాంకు పెట్రోలు పోసీసాడు. గెడ్డ అవతలోళ్లయితే శుక్రవారం శుక్రవారం పోస్తన్నారు."

హైమకు తెర మీద చూపించిన గీత గుర్తొచ్చింది. అది పైకి ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది.

చేయవలసిన పని ఒకటే. ఆ వీధి చాపలను వెంటనే ఎత్తేయాలి. ఎత్తితే వాటి కింద ఉన్న బురద బయటపడుతుంది. షామియానా కింద వంటలు జరుగుతున్నాయి. విస్తళ్లు వేస్తున్నారు. పెళ్లికొడుకు తల్లి లోపలి నుంచి వచ్చి హైమ చేయి పట్టుకుంది.

"ఈవిడేనా నాచు డాక్టరు! మీ అప్ప పొద్దున్నించి మిమ్మల్నే పొగుడుతున్నాదండీ. మా ఊరి కాలువల్లో కూడా వేయించండి. ఇంతకీ వాసనెలా వస్తాదమ్మా?"

చుట్టూ బంధువులు ఆగి విన్నారు. ఈశ్వరమ్మ చెల్లెలి పక్కన వచ్చి నిలబడింది.

"నాచు నీళ్లను శుభ్రం చేస్తున్నట్టు గుర్తండీ," అంది హైమ.

అందులో అబద్ధం లేదు. ఆ మాట అన్నాక ఆమెను ముందు బంతిలో కూర్చోబెట్టారు. రేణుక వచ్చి, "పిన్నీ, మా అత్తయ్య ఎవరినీ అంత మర్యాద చెయ్యదంట, నీకే," అని చెవిలో చెప్పింది. హైమ తిన్నది. చాపలు ఎత్తించలేదు.

* * *

పెళ్లయిన మర్నాడు యోహాను ఆ వీధి చాప ముక్కను కోసి తెచ్చాడు. వాసన లేదు. నిండిపోయింది. ఇంకో వీధి నుంచి తెప్పించారు. అదీ అంతే. గెడ్డ వంతెన కింద ముక్క తెప్పించారు. అదీ అంతే.

నాచు విషాన్ని మొదట తన జిగురులో పట్టి ఉంచుతుంది. తర్వాత తీరిగ్గా లోపలికి లాక్కుని, విరిచి, ప్రమాదం లేనిదిగా మారుస్తుంది. కొద్దికొద్దిగా వస్తే ఇబ్బంది లేదు. ఒక్కసారిగా వస్తే అది జిగురులోనే ఉండిపోతుంది. జిగురు ఎంత గట్టిగా పట్టుకుంటుందో వాళ్లెప్పుడూ చూడలేదు. చూడవలసిన అవసరం వస్తుందనుకోలేదు.

యోహాను ముక్కను పలక మీద ఏటవాలుగా పెట్టి, కుళాయి కొద్దిగా తిప్పాడు. నీళ్లు నాచు మీదుగా పారి కింద తొట్టిలో పడ్డాయి. తొట్టిలో మొగ నుంచి తెచ్చిన రొయ్య పిల్లలున్నాయి. అవి ఈదుతున్నాయి. కుళాయి పూర్తిగా తిప్పాడు. జిగురు పాల మీది మీగడలా ముడతపడి, నాచు నుంచి ఊడి, తొట్టిలోకి జారింది. జిగురులో చిక్కుకుని ఉన్న మొగలి వాసన గదంతా కమ్మింది. రొయ్య పిల్లలు పైకి వచ్చి పక్కకు ఒరిగాయి.

యోహాను కుళాయి కట్టేశాడు.

"తొలి వాన ఇలాగే వస్తుంది మేడమ్," అన్నాడు.

"చాపలన్నీ మార్చాలి."

"మార్చడానికి సరిపడా కొత్త నాచు లేదు. ముందు ఊళ్లో చెప్పాలి. ఆటోకి మైకు కట్టి తిప్పుదాం. ఇంకో చుక్క పొయ్యొద్దని, నిండిపోయిందని. మొగపేటలో అయితే ఇవాళే చెప్పాలి. తొలి వాన తర్వాత వల వెయ్యొద్దని."

"ఎందుకు నిండిందని అడుగుతారు."

"జనం పోశారని చెప్దాం."

"ఎవరు పోశారంటే?"

యోహాను తొట్టిలోంచి రొయ్య పిల్లలను తీయసాగాడు.

"మొదటి పేరు మా బావది," అంది హైమ. "పెళ్లికొచ్చినవాళ్లంతా చూశారు. నేనక్కడే ఉన్నాను."

"మాదీ ఉంది మేడమ్," అన్నాడు యోహాను. "పాప బాప్తిస్మానికి చుట్టాలొస్తే మా ఆవిడ పోసింది. మీతో చెప్పాలనుకున్నాను. నవ్వుతారేమో అని చెప్పలేదు."

హైమ నవ్వలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. హైమ అంది, చాపలు పాతబడ్డాయని కమిషనర్‌కు చెబుదాం, ఉన్నంతలో మారుస్తూ పోదాం, వానలకు ఇంకా టైముంది. యోహాను సరేనన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఇద్దరికీ అర్థమైంది.

చాపలను పనివాళ్లతో ఎత్తించి, ఎండగట్టి, డ్రమ్ముల్లో పెట్టించారు. హైమ అప్ప వీధితో మొదలుపెట్టింది. తర్వాత షెడ్ల వీధి. గెడ్డ అడుగున ఉన్నవి అలాగే ఉన్నాయి. మొగపేట నుంచి మసేనమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. మొగలో చేప ఎదిగిందని, మృగశిరకు వల వేస్తామని, ముందు చేప నీకేనని చెప్పింది. హైమ రెండుసార్లూ, "అలాగే పెద్దమ్మా," అంది.

మృగశిర కార్తె ప్రవేశించే రోజున చేప తినాలంటారు. ఆ రోజు వేగులవలసలో చేప కొనని ఇల్లు ఉండదు.

దానికి ముందు రోజు మధ్యాహ్నం వాన పడింది.

హైమ, యోహాను పంపుహౌసు కిటికీ దగ్గర నిలబడి చూశారు. గెడ్డ నిండింది. వంతెన కింది నుంచి జిగురు దుప్పట్లు దుప్పట్లుగా బయటికి వచ్చి కిందికి పోయింది. ఊరంతా మొగలి వాసన. జనం అరుగుల మీదికి, మేడల మీదికి వచ్చి నిలబడ్డారు. వంతెన మీద కుర్రాళ్లు తడుస్తూ సెల్‌ఫోన్లలో ఫోటోలు తీశారు. ఎవరో, "మొగలమ్మ తల్లీ!" అని కేక పెడితే మిగతావాళ్లు అందుకున్నారు.

"మొగపేటకి చెప్పాలి మేడమ్," అన్నాడు యోహాను.

"ఆటుపోట్లున్నాయి కదా," అంది హైమ. "సముద్రం కడిగేస్తుంది."

యోహాను సరేనని కిటికీ మూశాడు.

* * *

తెల్లవారుతుండగా మసేనమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, బేగి రా! మొగ నిండా సేపలే. పైకొచ్చీసి తేలతన్నాయి. వలే అక్కర్నేదు, సేత్తో తీసీస్తన్నారు. ఒలమ్మో, ఇంతేసి పండుగప్పలు! వాసన సూడు తల్లీ, సేపలకి కూడా మొగలి వాసనే!"

హైమ స్కూటర్ మీద వెళ్లింది. దారిలో ఐసు పెట్టె కట్టిన మోపెడ్ ఒకటి ఎదురుగా ఊళ్లోకి పోయింది. ఆమె చూసింది. పెట్టెలో ఏముందో తట్టేసరికి అది మలుపు తిరిగిపోయింది. బండి ఆపి యోహానుకు ఫోన్ చేసింది. మార్కెట్‌కు వెళ్లి మొగ చేపలు అమ్మకుండా ఆపమంది.

"ఎందుకంటే ఏం చెప్పమంటారు?"

"విషం ఉందని చెప్పు."

"అంతేనా?"

"ముందు ఆపు," అంది హైమ.

మొగపేట ఒడ్డున బుట్టలు నిండి ఉన్నాయి. చేపల మొప్పలు ఇంకా కదులుతున్నాయి. మొగపేట మొత్తం అక్కడే ఉంది. మసేనమ్మ కొడుకులిద్దరూ నడుం లోతు నీళ్లలో నిలబడి చేపలను ఒడ్డుకు విసురుతున్నారు. మసేనమ్మ ఆమె చేయి పట్టుకుని అందరి మధ్యకూ తీసుకెళ్లింది.

"ఈవిడే. నాను సెప్పలేదేటి? ఈవిడే మన హైమమ్మ." ఇంటి ముందు పొయ్యి మీద కూర ఉడుకుతోంది. మనవలు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. "నీకే ఆగమన్నాను. నువ్వు నోట్లో ఎట్టుకుంటే గానీ ఎవులూ ముట్టుకోకండని సెప్పీసినాను."

"పెద్దమ్మా, కూర దించెయ్యండి," అంది హైమ. "ఎవరూ తినకండి. చేపలన్నీ విషం."

మసేనమ్మకు అర్థం కాలేదు. హైమ మళ్లీ చెప్పింది. తానే వెళ్లి, చెంగుతో కుండ పట్టుకుని దించి, ఇసకలో బోర్లించింది. పిల్లల్లో ఒకరు ఏడ్చారు. నీళ్లలో ఉన్న కొడుకులు ఒడ్డుకు వచ్చారు.

"ఏటయినాది?" అని పెద్దకొడుకు అడిగాడు.

హైమ చెప్పింది. ఊళ్లో వాసన కోసం జనం గెడ్డలో థిన్నరు, పెట్రోలు పోశారు. నాచు నిండిపోయింది. నిన్నటి వానకు అంతా ఊడి మొగలోకి వచ్చింది. చేపలు తేలింది అందుకే. తింటే మనుషులకు ప్రమాదం. పిల్ల కూడా పోయి ఉంటుంది.

"పిల్ల కూడానా?"

"పోయే ఉంటుంది. మళ్లీ ఎప్పటికి పెడుతుందో చెప్పలేను."

పెద్దకొడుకు తమ్ముడి వైపు చూశాడు. "గుజరాత్ సేటుకి ఫోన్ సెయ్యాల," అన్నాడు. తమ్ముడు తల ఊపాడు. 

మసేనమ్మ తిట్లు అందుకుంది. "ఎవుల్రా పోసింది? ఆళ్ల ఇల్లు కూలిపోనూ! వాసన కోసం పోసినారా? ఎవులమ్మా ఆళ్లు?"

"ఊళ్లో చాలామంది, పెద్దమ్మా."

"సాలామందంటే? ఒక్కడి పేరైనా సెప్పు."

హైమ చెప్పింది. "మా బావ. సన్యాసిరావు. లారీ షెడ్డు. మా అప్ప కూతురి పెళ్లికి పోశాడు."

 మసేనమ్మ ఆమె భుజం మీద చేయి వేసింది.

"నువ్వేటి సేస్తావు తల్లీ. ఇంటోళ్లు సేసిందానికి నువ్వేటి సేస్తావు. నీకు తెలీదు గదా. తెలిస్తే సెప్పీదానివే, నాను రెండుసార్లు ఫోన్ సేసినాను గదా."

 భుజం మీది చేయి కాసేపు అలాగే ఉంది.

ఆడవాళ్లు గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. బుట్టలు ఒక్కొక్కటే మోసుకొచ్చి పోస్తున్నారు. హైమ కూడా ఒక పార తీసుకుంది. ఎవరో, "నువ్వొగ్గీమ్మా, నీకెందుకీ పని," అని పార తీసుకోబోయారు. ఆమె వదల్లేదు.

ఎండ ఎక్కకముందే ఊళ్లోంచి కొనేవాళ్లు రావడం మొదలైంది. మొదట ఐసు పెట్టెతో ఒకడు వచ్చాడు.

"సేపలేవి పెద్దమ్మా? మొగ నిండిపోనాదంటన్నారు?"

"నేవు."

"ఆ గోతిలోవేటి మరి?"

"ఆవిణ్నడుగు," అంది మసేనమ్మ పార ఆపకుండా.

"చేపల్లో విషం ఉందండీ," అంది హైమ. "గెడ్డలో కొందరు..."

"కొందరు కాదు. పేరు సెప్పు," అంది మసేనమ్మ.

హైమ బావ పేరు చెప్పింది. ఐసు పెట్టె మనిషి సన్యాసిరావును తిట్టి, ఆమె వైపు చూసి, "మీరు పాపం మంచి సేద్దామనుకున్నారు," అని వెళ్లిపోయాడు. తర్వాత సంచీలతో మొగుడూ పెళ్లాం వచ్చారు. తర్వాత ఆటో నిండా మనుషులు వచ్చారు. మసేనమ్మ ప్రతిసారీ అదే మాట అంది. హైమ ప్రతిసారీ ఆ ఒక్క పేరే చెప్పింది. ప్రతిసారీ వాళ్లు సన్యాసిరావును తిట్టి, ఆమెను చూసి జాలిపడ్డారు.

చివరికి ఒక కారు వచ్చి ఆగింది. సన్యాసిరావు దిగాడు. వెనక రేణుక మొగుడు దిగాడు. కొత్త అల్లుడు మొదటి మృగశిరకు అత్తారింటికి వచ్చాడు.

"ఏటే హైమా, నువ్విక్కడున్నావేటి? పార పట్టుకున్నావేటి?" అన్నాడు సన్యాసిరావు. "పండుగప్పలెక్కడ? అల్లుడుగారికి నాలుగు పెద్దవి కావాల."

"ఎవులమ్మా ఈయన?" అంది మసేనమ్మ.

హైమ చెప్పకముందే ఆయనే చెప్పాడు. "సన్యాసిరావునమ్మా. లారీ షెడ్డు."

పారలు ఆగాయి. మసేనమ్మ పెద్దకొడుకు ముందుకు వచ్చాడు. సన్యాసిరావు గొయ్యి చూశాడు, చుట్టూ మనుషులను చూశాడు. గొయ్యిలో చేపలెందుకున్నాయో, ఎవరి థిన్నరు వల్లో వాళ్లు ఆయనకు చెప్పారు. అందరూ ఒక్కసారే చెప్పారు. ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

"నాకేటి తెల్సండీ? దాచీసి చేసేనా? పెళ్లి పందిట్లోనే చెప్పేను కదే హైమా, రెండు డబ్బాలు పోయించానని! విషం అన్నావు, ఊరుకున్నావు. పెళ్లివారికి శుభ్రం చేస్తన్నాదని నువ్వే చెప్పీవు. నెలైపోనాది. తప్పైతే ఆ రోజే కొట్టకపోయావా నన్ను?"

అల్లుడు వెళ్లి కార్లో కూర్చున్నాడు.

మసేనమ్మ పారను ఇసకలో గుచ్చింది. ఆమె గొంతు పెద్దది చేయలేదు.

"నెలా?" అంది.

"అవును పెద్దమ్మా."

"నాను ఫోన్ సేసినప్పుడు?"

"తెలుసు."

మసేనమ్మ కొంగు తీసి ముఖం తుడుచుకుని, మళ్లీ పార అందుకుంది. పెద్దకొడుకు ఒక బుట్ట ఎత్తి గోతిలో బోర్లించాడు. సన్యాసిరావు కారు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. కారు పోయిన దారినే ఒక మోటారు సైకిల్ వచ్చింది. చేతిలో స్టీలు క్యారియర్‌తో ఒక ముసలాయన దిగాడు.

"చేపలున్నాయా అమ్మా?"

"నేవు," అంది మసేనమ్మ. "ఆవిణ్నడుగు."

ఆయన హైమ వైపు తిరిగాడు.

"చేపల్లో విషం ఉందండీ," అంది హైమ. "తెలిసి కూడా మొగపేటకు చెప్పకుండా ఒకరు ఊరుకున్నారు."

"ఎవరమ్మా?"

మసేనమ్మ పార ఆపింది. ఈసారి పేరు చెప్పమని ఆమె అనలేదు.

"హైమ," అంది హైమ.